వంటలక్కను అడ్డం పెట్టుకొని

డీఎన్‌ఏ పరీక్ష ఒక్కటి చేయిస్తే వారం రోజుల్లో తేలిపోయే సంగతి కోసం తెలుగువాళ్లు ఏళ్ల తరబడి రాత్రి ఏడున్నరకు టీవీ ముందు కూర్చున్నారు. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా, పదిహేను వందల భాగాలు దాటి నడిచిన ‘కార్తీకదీపం’ సీరియల్ గురించి చదువుకున్నవాళ్లంతా అనే మాట ఇదే. కథానాయకుడు స్వయానా డాక్టరు. తనకు పిల్లలు పుట్టే యోగం లేదని ఎవరో పుట్టించిన రిపోర్టు నమ్మి పెళ్లాం దీపను, అదే అందరూ వంటలక్క అనే ఆవిడను, అనుమానిస్తాడు. కానీ దేశంలో ఎక్కడా ల్యాబు లేనట్టు పరీక్ష ఊసెత్తడు. నవ్వాల్సిందే, నవ్వుదాం. అయితే ఆ పరీక్ష మొదటి వారంలోనే జరిగిపోయుంటే డాక్టర్ బాబు కాపురం చక్కబడేదేమో గానీ, మన ఇళ్లలో మాట ఆగిపోయేది. ఇంట్లో సాగే సినిమా కబుర్లూ, సీరియల్ పంచాయితీలూ, బజ్జీలో ఉప్పు తక్కువైందన్న వాదులాటలూ వట్టి కాలక్షేపం కాదని నా వాదన. ఒకరి ముఖం మీద ఒకరు అనలేని మాటలు అనుకోవడానికి ఇంటిల్లిపాదికీ ఉన్న దారి అదొక్కటే. పోసుకోలు కబుర్లని పేరు పెట్టి మనం తీసిపారేస్తున్నది ఇంటి శాసనసభా సమావేశాలను. అసలు సభల కంటే ఇక్కడ హాజరు కూడా ఎక్కువే.

ఈ వాదనకు నడిగూడెం నుంచి సాక్ష్యం తేవడం కొంచెం సాహసమే. కోదాడకు దగ్గర్లో ఉన్న ఈ ఊరికి కబుర్ల ఊరన్న పేరు లేదు. మునగాల పరగణా జమీందారు రాజా నాయని వెంకట రంగారావు కోట ఇక్కడే ఉంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం లేచి నిలబడటానికి చేయూతనిచ్చిన పెద్దల్లో ఆయనొకరు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి ప్రాణం పోసినవాడు, తెలుగుకు విజ్ఞాన సర్వస్వం కావాలని నడుం కట్టినవాడు. పింగళి వెంకయ్య కొన్నేళ్లు ఈ ఊళ్లోనే ఉండి పత్తి మీద పరిశోధన చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్నాడు. 1921లో బెజవాడలో గాంధీజీ చేతికిచ్చిన జెండాకు ఊహ ఈ కోటలోనే మొలిచిందని ఊరివాళ్లు ఇప్పటికీ గట్టిగా చెబుతారు. ఒక జెండా, ఒక గ్రంథాలయం, ఒక విజ్ఞాన సర్వస్వం, పైన కాస్త పత్తి. ఇంత బరువైన చరిత్ర ఉన్న చోట నిలబడి వంటలక్క తరఫున వకాల్తా పుచ్చుకుంటే కోట గోడలు కూడా మూతి ముడుచుకుంటాయి.

గోడల సంగతి ఎలా ఉన్నా, ఆ పెద్దలు మనం అనుకున్నంత ముభావులేమీ కారు. గ్రంథమండలి మొదటి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చరిత్రలూ శాస్త్రాలూ వరసగా అచ్చువేసిన ఆ మండలే నవలల పోటీలు కూడా పెట్టింది. లింకన్‌నూ రసాయన శాస్త్రాన్నీ ఇంట్లోకి పంపాలంటే ముందు కథ ఒకటి గుమ్మం దాటాలని వాళ్లకు తెలుసు. ఇక విజ్ఞాన సర్వస్వం విషయానికొస్తే, మూడు సంపుటాలు వచ్చినా పని ఇంకా అచ్చులు దాటకుండానే 1923లో లక్ష్మణరావు కన్నుమూశారు. అంత శ్రద్ధతో, అంత పాండిత్యంతో కూర్చుంటే ఒక జీవితకాలానికి అచ్చులు కూడా పూర్తికావు మరి. అదే మన ఇళ్లలో చూడండి. ఒక్క టీ చల్లారేలోపు అమెరికా ఎన్నికల నుంచి పక్కింటి అల్లుడి జీతం దాకా, హీరో అఖిల్ పెళ్లి నుంచి యూరియా ధర దాకా అన్ని అంశాలూ ముగించి పడేస్తారు. ఇందులో నిజం పాలెంతన్నది వేరే సంగతి. వేగంలో మాత్రం మనవాళ్లకు సాటి లేరు.

ఈ కబుర్లు అడ్డు పెట్టుకొని నడిపే అసలు వ్యవహారం ఎలా ఉంటుందో కాస్త దగ్గరికెళ్లి చూద్దాం. ‘కార్తీకదీపం’ కథకు మూలం దీప నలుపు. ఏడున్నరకు హాల్లో అత్తమ్మ కన్నీళ్లు పెట్టుకుంటూ ఉంటుంది. “నలుపైతే ఏంది, గుణం చూడాలె గానీ రంగు చూస్తరా ఎవరన్నా?” అంటుంది. అదే అత్తమ్మ ఆ మధ్యాహ్నమే చిన్నకొడుక్కి వచ్చిన సంబంధం ఫొటోను “పిల్ల కొంచెం చామనఛాయగున్నది, జాతకం కలవలేదని చెప్పు” అని వెనక్కి పంపి ఉంటుంది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తితే రాత్రి అన్నాలుండవు. కానీ గుమ్మానికి ఆనుకొని నిలబడ్డ పెద్దకోడలు, టీవీ వైపే చూస్తూ, “ఔ అత్తమ్మా, సౌందర్య కూడా మొదట్ల నలుపంటే పడకపాయె, తర్వాత కోడల్ని కడుపుల పెట్టుకున్నది” అంటుంది. సౌందర్య అంటే సీరియల్లో అత్తగారు. అంతే, ఇంకో మాట లేదు. ఫొటో గురించి కోడలు ఏమీ అనలేదు, అత్తమ్మ ఏమీ వినలేదు. అయినా రెండు రోజులకు ఆ జాతకం మళ్లీ ఓసారి చూపిద్దామన్న ఆలోచన అత్తమ్మకు తనంతట తానే వస్తుంది. సామాజిక న్యాయ శాఖ కరపత్రం పంచితే ఈ ఫలితం వచ్చేదా? ఇక్కడ ఓ చిన్న కొసమెరుపు కూడా ఉంది. నలుపును నెత్తిన పెట్టుకున్న ఆ కథలో నాయిక వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ నిజానికి నల్లని మనిషి కాదు, రంగు పూసి నల్లగా చూపించారు. నలుపు మీద అంత జాలి కురిపించిన పరిశ్రమకు ఒక నల్లని నటి దొరకలేదు. ఆ అత్తమ్మకూ ఆ పరిశ్రమకూ ఏదో దూరపు చుట్టరికం ఉండాలి.

ఇదంతా సీరియళ్లు నేర్పిన విద్య అనుకుంటే పొరపాటు. కోదాడ పక్కనే గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావు, జానపద సినిమాల కత్తి కాంతారావు, 1963లో ‘లవకుశ’లో లక్ష్మణుడి వేషం కట్టాడు. సీతమ్మను అడవిలో దిగవిడిచి కన్నీళ్లు తుడుచుకునే లక్ష్మణుడి మీద ఇళ్లలో ఆడవాళ్లు అప్పట్లో పెట్టిన విచారణకు అంతు లేదు. అన్న చెప్పాడని నోరు మూసుకుంటాడా, వదిన అన్నం పెట్టలేదా, ఒక్క మాట అడ్డం వేస్తే తల పోతుందా? ఇది రామాయణ చర్చ అని మగవాళ్లు మురిసిపోయి ఉంటారు. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన మాటకు గంగిరెద్దులా తలూపే మరుదుల మీద దాఖలైన ఫిర్యాదు అది. ఫిర్యాదుదారుకు ఒరిగిందేమీ లేకపోవచ్చు, కానీ ఫిర్యాదంటూ నమోదైంది. అదే కాంతారావు తర్వాత సొంతంగా సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నాడు. ఈ వైపు ఇళ్లలో ఇప్పటికీ ఆయన పేరు ఎప్పుడొస్తుందో గమనించండి. నటన గురించి మాట్లాడేటప్పుడు కాదు. కొడుకు ఉద్యోగం మానేసి హైదరాబాదులో వ్యాపారం పెడతా, ఓ రెండెకరాలు అమ్ముదాం నాయినా అన్న రోజున వస్తుంది. “గుడిబండ కాంతారావును చూడలేదా, రాజకుమారుడి లెక్క బతికినోడు...” అని తండ్రి ఓ నిట్టూర్పు విడుస్తాడు. పొలం అమ్మను అనడం లేదు, నీ మీద నమ్మకం లేదనీ అనడం లేదు. ఓ మహానటుడికి నివాళి అర్పిస్తున్నాడంతే.

కొడుకు దగ్గరా మందుగుండు ఉంటుంది. తుంగతుర్తి ప్రభాకర్ రెడ్డి ఉస్మానియాలో డాక్టరీ చదివి కూడా 1960లో ‘చివరకు మిగిలేది’తో సినిమాల్లోకి దూకాడు, నటుడయ్యాడు, కథలు రాశాడు, సినీ కార్మికుల ఇళ్లకు మణికొండలో స్థలమిచ్చి పేరు నిలుపుకున్నాడు అంటాడు. 1979లో శోభన్‌బాబుతో వచ్చిన ‘కార్తీకదీపం’ సినిమా కథ కూడా ఆ డాక్టరుగారిదే. సీరియల్‌కు దానితో పేరే తప్ప పోలిక లేదు. మలయాళం నుంచి తెచ్చుకున్న కథ అది. నాయిన కాంతారావును తెస్తే కొడుకు ప్రభాకర్ రెడ్డిని దింపుతాడు, కోదాడ వేణుమాధవ్ మిమిక్రీతో మొదలై ఎంత పైకెళ్లాడో చూడు అని ఇంకో తోక తగిలిస్తాడు. చివరికి రెండెకరాలు అమ్ముతారా లేదా అన్నది అటుంచండి. ముగ్గురు నటులు మధ్యలో నిలబడ్డందువల్ల తండ్రీ కొడుకూ ఒకరినొకరు చేతగానివాడివనీ మొండివాడివనీ అనుకోకుండానే రాత్రి గడిచింది.

చిన్న చిన్న సుఖాల విషయంలోనూ ఇదే లెక్క. వాటిని చిన్నవి అని ఎవరన్నారో గానీ ఆయన ఎప్పుడూ పెళ్లి భోజనాల పంక్తిలో కూర్చొని ఉండడు. 2023లో వచ్చిన ‘బలగం’లో అల్లుడికీ అత్తింటివాళ్లకూ ఏళ్ల తరబడి మాటల్లేకుండా చేసింది ఏమిటి? నల్లిబొక్క. మాంసం కూరలో తనకు రావాల్సిన నల్లిబొక్క రాలేదన్న కోపం. ఆ సినిమాను ఊళ్లలో తెరలు కట్టి చూశారు. చూసి వచ్చాక విడిపోయిన అన్నదమ్ములు కలుసుకున్నారని పత్రికల్లో వార్తలొచ్చాయి. వాళ్ల మధ్య ఉన్నది బహుశా గట్టు తగాదానో, తల్లి మెడలోని గొలుసో అయ్యుంటుంది. కానీ తెర మీద ఒక బొక్క కోసం ఇంత జరగడం చూసి నవ్వు వచ్చింది, ఆ నవ్వు వెనకాలే తమ సంగతీ గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరి హోదా ఏమిటో ఏ కాగితం మీదా రాసి ఉండదు. మూకుడులోంచి తీసిన మొదటి బజ్జీ ఎవరి పళ్లెంలో పడిందో, మీగడ కట్టిన పెరుగు ఎవరి వైపు జరిగిందో, చికెన్‌లో లెగ్‌పీసు ఏ మనవడికి పోయిందో చూస్తే తెలుస్తుంది. ఎవరూ నోరు తెరిచి ‘నన్ను తక్కువగా చూస్తున్నారు’ అనరు. ‘బజ్జీ చల్లారిపోయింది’ అంటారు. విన్నవాళ్లకు అర్థమైతే మరుసటి వాయిలో న్యాయం జరుగుతుంది. కాకపోతే ఇరవయ్యేళ్ల తర్వాత, ‘బలగం’లోలాగే, పిండం కాకి ముట్టదు.

సరే, ఇంత చాటుమాటు వ్యవహారం ఎందుకు, ఉన్నదేదో ముఖాముఖి చెప్పుకోవచ్చుగా అని మనస్తత్వ నిపుణులు అడుగుతారు. సూటిగా మాట్లాడుకునే పద్ధతిని మన వాళ్లూ ప్రయత్నించకపోలేదు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు పారే ఊళ్లలో పొలం పంచుకునే రోజున అందరూ సూటిగానే మాట్లాడతారు. ఆ సూటిదనం తర్వాత కోదాడ కోర్టులో, సూర్యాపేట కోర్టులో వాయిదాల మీద వాయిదాలుగా సాగుతుంది. సూటిగా అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి దారి ఉండదు. సీరియల్ మీద అన్న మాటకు ఆ చిక్కు లేదు. ఎదుటివాళ్లు ముఖం ముడిస్తే “నేనన్నది సీరియల్లో ఆ విలన్ మోనిత గురించి” అని తప్పుకోవచ్చు. ఈ తప్పుకునే సందు ఉండబట్టే మాట బయటికొస్తుంది. మరి సీరియళ్లు విషం నేర్పుతున్నాయి కదా అనేది ఇంకో అభ్యంతరం. కొంత నిజం. కానీ అత్తాకోడళ్ల కుట్రలు టీవీ వచ్చాకే మొదలయ్యాయని నమ్మేవాళ్లు తమ నాయనమ్మను ఓసారి అడిగి చూడాలి. ఆవిడ చెప్పే సొంత కథల ముందు ఏ స్క్రీన్‌ప్లే రచయితైనా చేతులు కట్టుకు నిలబడాలి.

వీటికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని నవ్వుతో దాటేయడం కుదరదు. కులాలు దాటి ప్రేమించుకున్న జంటలు తెర మీద గెలిచినప్పుడల్లా ఈలలు వేసిన హాళ్లే మన ఊళ్లన్నిట్లో ఉన్నాయి. అయినా 2018లో మిర్యాలగూడలో కులం దాటి పెళ్లాడిన కుర్రాడి ప్రాణం పట్టపగలు తీశారు. సినిమా మీద కన్నీళ్లు కార్చి మన బాకీ తీరిపోయిందనుకునే అలవాటు ఒకటి మనకుంది. ఇంట్లో అమ్మాయి ఒక ప్రేమకథను మెచ్చుకుంటే పెద్దలకు అందాల్సిన కబురు అందుతుంది. కానీ అందిన కబురును వినకుండా పక్కకు పెట్టే హక్కు కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. కబుర్లు తలుపు తట్టగలవు. తలుపు తీయాల్సిన చోట మనిషే తీయాలి, అక్కడ ఏ సినిమా పనికి రాదు. అంతవరకు నా వాదనకు హద్దు గీసి ముందుకు పోతాను.

తట్టగా తట్టగా తలుపు తెరుచుకున్న సందర్భమూ ఉంది మరి. మునగాల పరగణా చాలాకాలం చుట్టూ నిజాం రాజ్యం ఉండగా మధ్యలో తెల్లవాళ్ల కృష్ణా జిల్లా ముక్కగా బతికింది. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసింది. కాబట్టి ఈ వైపు ఇళ్లలో నందిగామ కోడలు, సూర్యాపేట అల్లుడు ఉండటం వింతేమీ కాదు. దశాబ్దాల పాటు సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకో, వాడి పక్కనుండే తాగుబోతుకో, నవ్వించేవాడికో దక్కింది. ఆ డైలాగుల మీద నవ్వులు వినిపించే ఇంట్లో అల్లుడు తన నోట్లోంచి మాట వచ్చేముందు దానికి ఇస్త్రీ చేసుకునేవాడు. ఉద్యమం వచ్చింది, 2014లో రాష్ట్రం వచ్చింది, 2017లో ‘ఫిదా’లో నాయిక భానుమతే ఆ మాట దర్జాగా మాట్లాడింది. ఆ రోజు నుంచి అల్లుడు ఆ ఇస్త్రీ మానేశాడు. అత్తగారు కూడా భానుమతిలా మాట్లాడబోయి నాలుక మడతపడి ఇల్లంతా నవ్వించింది. భాష మీద, రాష్ట్రం మీద ఆ ఇంట్లో పంచాయితీ ఎప్పుడూ జరగలేదు. ఒక సినిమా మీద జరిగింది, రాజీ కూడా దాని మీదే కుదిరింది.

ఇన్ని చెప్పాక నన్ను నిజంగా భయపెట్టేది ఏమిటంటే, ఇంట్లో సినిమా కబుర్లు ఎక్కువైపోవడం కాదు, కబుర్లకు ఉమ్మడి సినిమా లేకపోవడం. 2020 నుంచి ఐపీఎల్ రాత్రి ఆట కూడా ఏడున్నరకే మొదలైనప్పుడు రిమోట్ కోసం ఇళ్లలో కొట్లాటలయ్యాయి. అప్పుడది పెద్ద సమస్యలా కనిపించింది గానీ ఇప్పుడు తలుచుకుంటే స్వర్ణయుగంలా ఉంది. కొట్లాడుకోవడానికి ఒకే టీవీ, ఒకే రిమోట్ ఉండేవి. ఇప్పుడు నాయినకు యూట్యూబ్‌లో రాజకీయ విశ్లేషణ, కొడుక్కి కొరియా సీరియల్, కూతురికి రీల్స్, అత్తమ్మకు ఫోన్లో 2024లో మళ్లీ మొదలైన వంటలక్క. అందరూ ఒకే గదిలో, చెవుల్లో తలా రెండు బిరడాలు. కోడలు ఇప్పుడు సీరియల్ పేరెత్తి ఏదన్నా సూచన చేద్దామంటే అత్తమ్మ ఇంకా నలభై భాగాలు వెనకాల ఉంటుంది, “ఆగు, చెప్పకు, నేనింకా చూడలే” అంటుంది. ఇంట్లో మాటలు లేవని దిగులుపడే పెద్దలు ఫోన్లను తిడతారు, నీతి పద్యాలు ఫార్వర్డ్ చేస్తారు, అదీ ఫ్యామిలీ గ్రూపులోనే. ఆ గ్రూపులో గులాబీ పువ్వుతో శుభోదయం, దీపంతో శుభరాత్రి తప్ప మధ్యలో మనుషులెవరూ మాట్లాడుకోరు. మాట్లాడితే స్క్రీన్‌షాట్ అవుతుందని అందరికీ తెలుసు. నోటి మాటకు ఉన్న ఆ తప్పుకునే సందు అక్కడ మూసుకుపోయింది. ప్రభుత్వాలు ఇంటింటికీ ఏవేవో ఉచితంగా పంచుతున్నాయి కదా, రోజుకో అరగంట ఇంటికొక్క తెర మాత్రమే వెలిగే పథకం ఒకటి పెడితే ఎలా ఉంటుందో ఆలోచించాలి. అర్హుల జాబితా అక్కర్లేదు, అందరూ అర్హులే.

కబుర్ల తరఫున ఇంత వాదించిన కాలమిస్టును వంటింట్లోంచి ఒక గొంతు నిలదీస్తుందని తెలుసు. “ముచ్చట్లు మంచివే సారూ, ఆ ముచ్చట్ల నడుమ టీ పెట్టేదెవరు?” అని. దీనికి నా దగ్గర చక్కని జవాబు లేదు. అందరూ తీర్పు చెప్పే సమయానికి ఒకావిడ మాత్రం పొయ్యి దగ్గర పాలు పొంగకుండా కాపలా కాస్తుంది. డాక్టర్ బాబు చివరికి ఏమన్నాడో ఆవిడకు మర్నాడు పక్కింటావిడ చెబితే గానీ తెలియదు. ఈ అన్యాయానికి మేస్త్రీలు ఒక మందు కనిపెట్టారు. ఇప్పుడు కోదాడ, సూర్యాపేటల్లో కట్టే కొత్త ఇళ్లు కొన్నింటిలో హాలుకూ వంటింటికీ మధ్య గోడ లేపడం లేదు. పొయ్యి ముందు మనిషి మారలేదు గానీ టీవీ మాత్రం ఆవిడకు కనిపిస్తోంది. గరిటె చేతిలో ఉండగానే ఆవిడ కూడా ఇప్పుడు తీర్పులిస్తోంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని ఎవరన్నా మూతి ముడిస్తే, ఆ రోజు వాదోపవాదాలు బాగా సాగాయని అర్థం చేసుకొని, నోరు మూసుకొని, కాస్త పెరుగు కలుపుకొని తినాలి.